సహజ నటనకు వెండి పతకం

మార్కాపురం నుంచి పెద్దారవీడు పోయే రోడ్డు మీద, ఊరికి ఎడంగా అంటరానివాళ్ళ పాలెం ఒకటి ఉంది. ఆ పాలెంలో మిషను బడి, బడికి పంతులు ఏలీయా, ఏలీయాకు ఒక నల్లకోటు. స్వదేశం వెళ్ళిపోతూ మిషను దొరగారు ఇచ్చిన కోటది. దొరగారు తాటిచెట్టంత మనిషి, ఏలీయా అందులో సగం. కోటు తొడుక్కుని నడిస్తే ముందు ఏలీయా వచ్చేవాడు, కాసేపటికి కోటు వచ్చేది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని పాలెంలో అనని వాళ్ళు లేరు. అననీ. ఏలీయా వాళ్ళతో మాట్లాడితే కదా!

మాట్లాడినా వాళ్ళకు సగమే అర్థమయ్యేది. చిన్నప్పటి నుంచి మిషను బోర్డింగులో పెరిగి, పుస్తకాలు పైకి చదివీ చదివీ నోరంతా అచ్చుభాష అయిపోయింది అతనికి. మనుషులు పుట్టినప్పుడు ఏడుస్తారు, ఏలీయా మాత్రం "నేను జన్మించితిని" అని ఉంటాడని కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇంటికొచ్చి "దానమ్మా, సంగటి సిద్ధపరచితివా?" అని పెళ్ళాన్ని అడిగేవాడు. "సిద్ధపరచలా, పొయ్యి మీద ఉడకతా ఉంది, కూకో" అనేది దానమ్మ.

గొంతు మాత్రం దేవుడిచ్చిందే. క్రిస్మసు నాటకంలో ఏటా దుష్టరాజు వేషం ఏలీయాదే. అతను గర్జిస్తే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు. కంభం నుంచి గిద్దలూరు దాకా తనంత నటుడు లేడని ఏలీయా అభిప్రాయం. ఇంకెవరినీ అడగలేదు గనక ఆ అభిప్రాయానికి అడ్డం లేకపోయింది.

అతనికి ఒకటే కోరిక. మార్కాపురం నాటక సమాజం వాళ్ళకు వేరుశనగ మండీల వెనక రేకుల షెడ్డు, అందులో చెక్కల స్టేజీ ఉన్నాయి. చిన్నప్పుడు కట్టిన తాడుకు అవతల, నేల మీద, పాలెం జనంతో కూర్చుని ఆ స్టేజీని చూశాడు. దాని మీద నిటారుగా నిలబడాలి. నాలుగు గొప్ప మాటలు చెప్పాలి. ఊరు ఊరంతా నోరు మూసుకుని వినాలి. అందుకోసం కోటు ఇచ్చెయ్యమంటే ఇచ్చేవాడు. దానమ్మను ఇచ్చెయ్యమంటే కొంచెం ఆలోచించేవాడు.

కాని అక్కడ వేసేవన్నీ పురాణాలు. దేవుళ్ళ వేషం కడితే చర్చి వాళ్ళు ఊరుకోరు, ఏలీయా దేవుడి వేషం కడితే ఊరు ఊరుకోదు. లోకంలో ఇంకే విషయంలోనూ కలవని ఆ రెండు పక్షాలూ ఈ ఒక్క సంగతిలో చెయ్యీ చెయ్యీ కలిపి ఉన్నాయి.

ఇంతలో మద్రాసులో కాంగ్రెసు మంత్రులు కుర్చీలెక్కారు. ఎక్కడ చూసినా హరిజనోద్ధరణే. నాటక సమాజానికి ప్రెసిడెంటు అయిన వకీలుగారికి జిల్లా బోర్డులో కూర్చోవాలని ఎప్పటినుంచో ఆశ. కర్నూలు నుంచి డిప్యూటీ కలెక్టరు రాబోతున్నాడని తెలిసేసరికి వకీలుగారి గుండెల్లో హరిజనుల మీద ప్రేమ ఒక్కసారిగా పొంగింది. ఈసారి దేవుళ్ళు వద్దు, పద్యాలు వద్దు, కొత్త నాటకం వెయ్యాలన్నారు. నటులకు కొత్త నటన నేర్పడానికి బెజవాడ నుంచి వైకుంఠరావు అనే మేష్టరును పిలిపించారు.

వైకుంఠరావు మేష్టరు బొంబాయి వెళ్ళి వచ్చాడట. అక్కడేం చూశాడో గాని జుట్టు మాత్రం భుజాల దాకా పెంచుకొచ్చాడు. నాటకం కూడా తానే రాశాడు. దానికి నోరు తిరగని పేరొకటి పెట్టాడు. కథ ఇది: వీరిగాడనే హరిజనుడు ఒక పెద్దింటి బిడ్డను పాము నోటి నుంచి కాపాడతాడు. అప్పటిదాకా అతణ్ణి ఛీ అన్న ఆ ఇంటి ఇల్లాలు పశ్చాత్తాపపడి, తన చేత్తో, తన ఇంటి చెంబుతో మంచినీళ్ళు ఇస్తుంది. అతను నీళ్ళు తాగి, మనుషులంతా ఒకటేనని పెద్ద ఉపన్యాసం చెబుతాడు. పాము కూడా మారిపోయి ఉంటే ఇంకా బాగుండేది.

మొదటి రోజే మేష్టరు హార్మోనియం మూయించి మూలన పెట్టించాడు.

"ఇక మీద మీరు నటించకూడదు, జీవించాలి" అన్నాడు.

నటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పద్యం లేకపోతే జనం ఎందుకొస్తారండీ, మా మొహాలు చూడనా?" అన్నాడు మాల్యాద్రి.

మాల్యాద్రి అంగడి వీధిలో వడ్ల వ్యాపారి, సమాజంలో ఆడవేషాలన్నీ అతనివే. మీసం తీసి చీర కట్టుకుంటే సొంత తమ్ముడే గుర్తుపట్టేవాడు కాదు. పెద్దింటి ఇల్లాలి వేషం అతనిది. కాని ఇరవై ఏళ్ళుగా రాగం తీసిన గొంతు ఉత్తమాట పలికితే కదా! "ఏమండీ, భోజనానికి లేవండి" అనాలి. మాల్యాద్రి "ఏమండీ" దగ్గర ఎత్తుకుని "లేవండి" దగ్గరకు వచ్చేసరికి వింటున్నవాళ్ళకు ఆకలి పుట్టి, పెరిగి, చచ్చిపోయేది.

"ఇంట్లో మీ ఆవిడ అలాగే పిలుస్తుందా?" అన్నాడు మేష్టరు విసుగ్గా.

"మా ఆడది పిలవదండీ. గిన్నె చప్పుడు చేస్తది."

మేష్టరు సహజత్వం గురించి గంటలు గంటలు చెప్పేవాడు. ఇంట్లో ఎలా మాట్లాడతారో స్టేజీ మీదా అలాగే మాట్లాడాలి, అదే కొత్త నాటకం అనేవాడు. సరేనని ఒకడు "ఆయన నిన్ననే పోయినాడు" అన్నాడు.

"పోయినాడు కాదు, పోయాడు."

"మా ఇంట్లో పోయినాడనే అంటామండీ."

"ఇంట్లో సరే. ఇక్కడ సహజంగా పోయాడు అనండి."

సహజత్వం కృష్ణ ఒడ్డున తప్ప ఇంకెక్కడా పుట్టదని మార్కాపురం వాళ్ళకు ఆ రోజే తెలిసింది. పాపం, అప్పటిదాకా వాళ్ళు తమ నోటితోనే మాట్లాడుతూ వచ్చారు.

వీరిగాడి వేషం కాటమరాజుకు ఇచ్చారు. కాటమరాజు గొర్రెల మందలున్న ఆసామి, గదాయుద్ధాలకు పెట్టింది పేరు. నెయ్యీ పెరుగూ తిని పెంచిన బొజ్జ. తినడానికి లేక ఎండిపోయిన వీరిగాడుగా అతణ్ణి చూస్తే మేష్టరుకే దిగులేసింది.

"హరిజనుడు ఎలా నడుస్తాడో, ఎలా కూర్చుంటాడో ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావటయ్యా?" అన్నాడు.

"దగ్గర్నించి ఎట్ల చూస్తామండీ?" అన్నాడు కాటమరాజు. అతనికి ఆ ప్రశ్న నిజంగానే అర్థం కాలేదు.

అయితే ఒకణ్ణి పిలిపించి చూడాల్సిందేనని మేష్టరు తేల్చాడు. మిషను పంతులున్నాడు కదా, మాట వింటాడు అని ఎవరో అన్నారు. అలా ఏలీయాకు కబురు వెళ్ళింది. నాటకం వాళ్ళు రమ్మన్నారన్న ముక్క తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఏలీయా కోటు తొడుక్కున్నాడు. దారంతా గొంతు సవరించుకుంటూ వచ్చాడు. షెడ్డు ముందు ఎండలో నిలబెట్టి, మేష్టరు అతణ్ణి పైనుంచి కిందకూ కిందనుంచి పైకీ చూశాడు.

"నువ్వు హరిజనుడివేనా?"

"నేను క్రైస్తవుడనండీ."

"అది సరేనయ్యా. అంతకు ముందు?"

"అంతకు ముందు నేను పుట్టలేదండీ."

మాల్యాద్రి కిసుక్కున నవ్వాడు. మేష్టరు నవ్వలేదు. "సరే, నీకు ఆకలేస్తోంది. అదుగో ఆయన ఆసామి. వెళ్ళి గింజలడుగు" అన్నాడు.

ఏలీయా గుండెనిండా గాలి పీల్చుకుని గర్జించాడు. "అయ్యా! మీరు నా యెడల కనికరము చూపవలెను! నా కుటుంబము పస్తులుండుచున్నది!" షెడ్డు రేకుల మీది కాకులు లేచిపోయాయి.

మేష్టరు తల పట్టుకున్నాడు. "ఇది సహజంగా లేదు. హరిజనులు ఇలా మాట్లాడరు."

"నేను ఎల్లప్పుడును ఇట్లే మాట్లాడుదునండీ."

"అదే నేననేది. నువ్వే సహజంగా లేవు."

తనలాగా తాను లేడని ఒకడు చెప్పగా వినడం ఏలీయాకు అదే మొదలు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కాని స్టేజీ నాలుగడుగుల దూరంలో ఉంది. చేతులు కట్టుకోకుండా, కోటు జేబుల్లో పెట్టుకుని, అలాగే నిలబడ్డాడు.

"మీ నాన్న ఉన్నాడా? చదువుకున్నాడా?" అడిగాడు మేష్టరు.

"ఉన్నాడండీ, చదువుకొనలేదండీ."

"భేష్. రేపు ఆయన్ని తీసుకురా."

నాయన యాకోబును ఊళ్ళోకి తీసుకు రావడం కన్నా ఏలీయాకు సిగ్గుచేటు ఇంకొకటి లేదు. ముసలాయన గోచీ, భుజం మీద గొంగడి, నోట్లో చుట్ట. కాని రాకపోతే ఈ కాస్త దారీ మూసుకుపోతుంది. తీసుకొచ్చాడు. యాకోబు షెడ్డు ముందుకు రాగానే చుట్టూ చూశాడు. పొడుగు జుట్టు మేష్టరును చూశాడు. పళ్ళెంలో పెట్టిన పొగాకు కట్టను చూశాడు. అంతే, దబ్బున నేలమీద బోర్లా పడ్డాడు.

"సామీ! నీ కాళ్ళకాడ కుక్కను సామీ! నీ ఎంగిలి మెతుకు తిని బతికేటోణ్ణి సామీ!" అని దుమ్ములో పొర్లుతూ ఏడ్చాడు. కళ్ళ నుంచి ధారలు. ఆ ఏడుపుకు మేష్టరుకూ నీళ్ళు తిరిగాయి. "చూడండి! ఇదీ జీవితమంటే! దీన్ని పట్టండి!" అని కాటమరాజును కుదిపాడు. పొగాకు కట్ట మొత్తం యాకోబుకు ఇప్పించాడు.

పాలెం దారి పట్టాక ఏలీయా అచ్చుభాష కూడా మర్చిపోయాడు. "ఏంది నాయనా ఆ ఏడుపు? నువ్వెప్పుడన్నా ఎవుని కాళ్ళమీదన్నా పడినావా?"

"యాడ పడినా? మా నాయన గూడా పడలా." యాకోబు పొగాకు వాసన చూసుకున్నాడు. "ఆయప్పకు అది గావాల, ఇచ్చినా. మనకు ఇది గావాల, ఇచ్చినాడు. ఎందుకట్ల మండతావ్?"

ఏలీయాకు తండ్రి మీద అసహ్యం వేసింది. ప్రాణం పోయినా తాను అలా వంగనని, ఆ స్టేజీ ఎక్కితే కొయ్యలా నిటారుగా నిలబడతానని అనుకున్నాడు. ఎక్కడానికి ఎవరు పిలిచారో మాత్రం ఆలోచించలేదు.

కాని నమూనా కావలసినప్పుడల్లా చూసుకోవచ్చని మేష్టరు ఏలీయాను రోజూ రమ్మన్నాడు. బడి అయిపోగానే వచ్చి వాకిట్లో ఒక రాయి మీద కూర్చునేవాడు. లోపల వాళ్ళు మాటలు మర్చిపోతే బయటనుంచి అందించేవాడు. కాటమరాజు యాకోబులాగా పడడం నేర్చుకున్నాడు. పడడం బాగానే పడేవాడు, బొజ్జ వల్ల లేవలేకపోయేవాడు. ఇద్దరు లేవనెత్తాల్సి వచ్చేది. చివరికి అతని బావమరుదులు వచ్చి, "ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్లను పెట్టుకోని పాలెపోడి ఏసం కడతావా? రేపు సంబంధమోళ్ళకు ఏం చెప్పేది?" అని పంచాయితీ పెట్టారు. కలెక్టరు రావడానికి వారం ముందు కాటమరాజు చెవులు పట్టుకుని తప్పుకున్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈ ఊరి గాలిలోనే కళ లేదని మేష్టరు చిందులు తొక్కాడు. మాటలన్నీ వచ్చినవాడు వాకిట్లో రాయి మీద కూర్చున్నవాడొక్కడే. ఆ మాట పైకి అన్నది వకీలుగారే. "మంచిదే అయింది. నిజమైన హరిజనుడే వేషం కడుతున్నాడని పాంప్లెట్లో వేద్దాం. కలెక్టరు మెచ్చుకుంటాడు."

"నేను క్రైస్తవుడనండీ" అన్నాడు ఏలీయా.

"కలెక్టరుకు రెండూ ఒకటేలేవయ్యా."

ఆ రోజు ఏలీయా ఇంటికి నడవలేదు, తేలుతూ వెళ్ళాడు. దానమ్మకు చెప్పాడు. నాయనకు చెప్పాడు. ఎప్పుడూ పలకరించని పాలెం వాళ్ళందరినీ పేరుపేరునా పలకరించి చెప్పాడు. మొదటి రంగాల్లో వంగాలి, ఏడవాలి, అవన్నీ అతని లెక్కలో లేవు. అతని లెక్కలో ఉన్నది ఆఖరి రంగమే. మేష్టరు కూడా దాని మీదే ప్రాణం పెట్టాడు. "తల ఎత్తు. గుండె విరుచుకో. ఆవిడ చెంబు అందిస్తుంది, కుడిచేత్తో అందుకో. తాగు. చెంబు తిరిగి ఇచ్చి, అప్పుడు జనం కళ్ళలోకి చూస్తూ మాట్లాడు." మాల్యాద్రి ఉత్త చెయ్యి చాచేవాడు, ఏలీయా ఉత్త చేత్తో అందుకునేవాడు. అంత రాజసంగా గాలిని తాగినవాడు ఆ తాలూకాలో ఇంకొకడు లేడు. మేష్టరు వంక పెట్టనిది ఆ ఒక్క రంగానికే.

"వస్తువులు మాత్రం నిజమైనవి కావాలి. అట్టచెంబుతో దాహం తీరదు" అని మేష్టరు పట్టుబడితే, మాల్యాద్రి తన ఇంట్లో ఉన్న రాగిచెంబు ఆట రోజున తెస్తానన్నాడు.

కలెక్టరుగారికి రాత్రి నిద్ర చెడకూడదని ఆట మధ్యాహ్నం మూడింటికే పెట్టారు. ఏలీయా కోటు తొడుక్కుని వచ్చాడు. కోటు విప్పించి, చిరుగుల గోచీ ఇచ్చారు. అసలు రంగు చాలలేదని మేష్టరు అతని మొహానికి మసి పూశాడు. నిజమైన హరిజనుణ్ణి తయారు చెయ్యడానికి బాగానే కష్టపడాల్సి వచ్చింది.

ముందు కుర్చీల్లో కలెక్టరు, ఆయన పక్కన వకీలుగారు, వెనక బెంచీల మీద ఊరు, ఆ వెనక తాడు, తాడు అవతల నేల మీద పాలెం. అంటరానితనం పోవాలనే నాటకానికి తాడెందుకని అడిగే తెలివితక్కువవాడు ఎవడూ అక్కడ లేడు. కలెక్టరు ముందు గలాటా కాకూడదని వకీలుగారే దగ్గరుండి కట్టించారు. తాడు అవతల దానమ్మ, చుట్ట ఆర్పేసిన యాకోబు.

నాటకం ఎలాగో నడిచింది. మాల్యాద్రి అలవాటు కొద్దీ రెండు మూడుసార్లు రాగం ఎత్తుకున్నాడు. మూలనున్న హార్మోనియం కేసి బెంగగా చూసి మానుకున్నాడు. చెక్కతో చేసిన పాము చెక్కలానే వచ్చి పోయింది. ఆఖరి రంగం వచ్చింది.

స్టేజీ మధ్య ఏలీయా నిలబడ్డాడు. తల ఎత్తాడు. గుండె విరుచుకున్నాడు. ఊరు ఊరంతా నోరు మూసుకుని చూస్తోంది. ఉపన్యాసం మొదటి మాట అప్పటికే నాలుక చివర ఉంది. మాల్యాద్రి ముత్తయిదువలా నడిచొచ్చి, "నాయనా వీరన్నా, నీ దాహం తీర్చుకో" అన్నాడు. నిండు చెంబు పట్టుకున్న చెయ్యి ముందుకు రాలేదు. పైకి లేచింది. నుదుటి దాకా లేచి, చెంబు వంగింది. మాల్యాద్రి కావాలని చేశాడో, చెయ్యే చేసిందో అతనికే తెలియాలి.

నీళ్ళు దిగుతున్నాయి. ఏలీయా నడుము వంగిపోయింది. రెండు చేతులూ దగ్గరికి జరిగి దోసిలి అయ్యాయి. దోసిలి నోటికి చేరింది. ధారగా పడుతున్న నీళ్ళను అతను వంగి, ఒక్క చుక్క పోనివ్వకుండా, గుటకలు గుటకలుగా తాగాడు. అన్నీ తాగేశాక గాని తానేం చేస్తున్నాడో అతనికి తెలియలేదు.

షెడ్డు దద్దరిల్లింది. బెంచీలు లేచి నిలబడ్డాయి. కలెక్టరు చప్పట్లు కొట్టాడు, ఆయన్ని చూసి వకీలుగారు ఇంకా గట్టిగా కొట్టారు. "వన్సుమోర్!" అని తాడు అవతల నుంచి ఎవరో అరిచారు. ఊరంతా అందుకుంది. ఇన్నేళ్ళలో పద్యానికి వన్సుమోర్ అడిగారు గాని, మంచినీళ్ళు తాగడానికి వన్సుమోర్ అడగడం మార్కాపురంలో అదే మొదలు. తెర దించి, మళ్ళీ ఎత్తడానికి సిద్ధమయ్యారు. చెంబు నింపారు. ఉపన్యాసం అలాగే ఉండిపోయింది.

తెర పక్కన మేష్టరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నేను రాసినదానికంటే గొప్పగా ఉంది! అచ్చం అలాగే చెయ్యి!"

ఏలీయా తన చేతులకేసి చూసుకున్నాడు. ఇంకా తడిగా ఉన్నాయి. వాటి మీద అతనికి పుట్టినంత కోపం జన్మలో ఎవరి మీదా పుట్టలేదు.

తెర లేచింది. ముత్తయిదువ వచ్చింది. చెంబు పైకి లేచింది. కింద దోసిలి లేదు. ఏలీయా నిటారుగా నిలబడి కుడిచెయ్యి చాచి ఉన్నాడు.

"పట్టరా" అన్నాడు మాల్యాద్రి పళ్ళ సందున.

"చెంబు ఇయ్యి."

"పట్టరా, నీళ్ళు పోతాండాయి."

"వంగు! వంగు!" అని బెంచీల నుంచి కేకలు. "సహజంగా ఉండవయ్యా!" అని పక్కనుంచి మేష్టరు. ఏలీయా ఒక అడుగు ముందుకు వేసి, మాల్యాద్రి చేతిలోని చెంబును లాక్కున్నాడు. గట్టిగా పట్టుకుని, అంచు పెదాలకు ఆనించి, గటగటా తాగాడు.

"ఒరే ఒరే ఒరే! మూతి పెట్టినావేందిరా నీయబ్బా! మా అవ్వ చెంబురా అది!"

నెల రోజుల శిక్షణలో మాల్యాద్రి నోట రాగం లేకుండా వచ్చిన మాట అదొక్కటే. ముత్తయిదువ గొంతు పోయింది, వడ్ల వ్యాపారి గొంతు వచ్చింది. పమిట జారింది, సవరం ఊడింది. చెంబు కోసం మీదికి ఉరికాడు. ఏలీయా జనం వైపు తిరిగి, ఉపన్యాసానికి నోరు తెరిచాడు. వకీలుగారు చెయ్యి ఊపారు. దబ్బున తెర పడింది.

కలెక్టరుగారు అరవదేశం మనిషి. తెలుగు అక్కడక్కడా తెలుసు. అదంతా నాటకంలోదే అనుకున్నాడు. ఇంత సహజమైన నటన మద్రాసులో కూడా చూడలేదని, ముఖ్యంగా ఆఖర్న ఆ ఇల్లాలి ఆక్రందన తన హృదయాన్ని కదిలించిందని ఇంగ్లీషులో మాట్లాడాడు. సహజ నటనకు వకీలుగారు చేయించిన వెండి పతకాన్ని మాల్యాద్రి చీరకు గుచ్చాడు. మాల్యాద్రి సిగ్గుపడుతూ పుచ్చుకున్నాడు. రాగిచెంబును ఏం చేశారో పతకం ఇచ్చినవాళ్ళు అడగలేదు. మర్నాడు అది కంసాలి కొలిమిలోకి పోయింది.

ఏలీయా వెనకవైపు నీళ్ళతొట్టి దగ్గర మసి కడుక్కుంటుంటే మేష్టరు వచ్చాడు. కోపంగా లేడు, గురువులా బాధగా ఉన్నాడు.

"ఎంత పని చేశావయ్యా! మొదటిసారి నువ్వు జీవించావు. రెండోసారి నటించావు. అందుకే చెడింది."

ఏలీయా మొహం మీద ఇంకో దోసెడు నీళ్ళు చల్లుకున్నాడు. ఆ మనిషి నెల రోజులుగా చెప్పినవాటిలో నిజమైన మాట అదొక్కటే. ఆ సంగతి చెప్పినవాడికి తెలియదు.

కోటు చంకన పెట్టుకుని పాలెం జనంతో కలిసి నడిచాడు. పొద్దు ఇంకా కొండల మీదే ఉంది. ఎప్పుడూ ముందు నడిచేవాడు, ఆ రోజు వెనక పడ్డాడు. దానమ్మ ఒకటి రెండుసార్లు తిరిగి చూసి, ఆడవాళ్ళతో వెళ్ళిపోయింది. యాకోబు మాత్రం ఆగి, కొడుకు పక్కకు వచ్చాడు. ముసలాయన మొహం వెలిగిపోతోంది.

"మొదట వన్సుమోరని అరిసింది ఎవురనుకున్నావ్? నేనేరా!"

"ఇన్నాను నాయనా."

"కడాన సెంబు గుంజుకున్నావే, అది నాకు అంత నచ్చలా. గలాటాగా ఉండె. దానికి ముందు, ఆ దోసిలి... ఏం పట్టినావురా! ఆ నడుము వంచేది, ఆ మోచేతులు దగ్గరికి పెట్టేది, ఒక్క సుక్క కింద పడకుండా!" యాకోబు దారి మధ్యలో నిలబడి చేతులు దగ్గరికి చేర్చి చూసుకున్నాడు. అవి సరిగ్గా కుదరలేదు. "సూడు, నాకే రావడంల్యా. మిషను బావి తవ్విందాంక నేను గూడా అట్లనే తాగినా. తవ్వినాక మన పాలెంలో ఒక్కడు ఊరి బావికాడికి పోలా. నువ్వప్పటికి పుట్టనే లేదు. బిడ్డకు ఆ దోసిలి తెలీకూడదని గదా నిన్ను దొరకాడ ఇడిసిపెట్టింది. నేను నేర్పలా, మీ అమ్మ నేర్పలా. యాడ నేర్చుకున్నావురా అది?"

ఏలీయా తండ్రి మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో అంత గర్వంగా ఆ ముసలాయన తనకేసి చూసింది లేదు.

"మేష్టరు నేర్పినాడు నాయనా."

"అట్నా!" అన్నాడు యాకోబు. "నేను వాణ్ణి ఉత్త ఎర్రిబాగులోడనుకున్నా. భలే మేష్టరేరా."